మీటలపై నింద యేల?

సంస్కరణమనఁగాఁ బాతదానినెల్లఁ బాఱవైచుటయని తలఁచువారు మనలో హెచ్చుచున్నారు. 2010వ సంవత్సరపు కిండిల్ పఠనయంత్రమునకు రెండంచులందును బుటలు త్రిప్పు మీటలుండెను. మఱుసటి యేఁటనే తెరను దాఁకి చదువు యంత్రము వచ్చెను. అది మొదలు మీటలు మోటని నవ్వుట నాగరకత యైనది.

స్టేషన్ ఘన్‌పూరునుండి కాజీపేటకు రైలులో నిలువఁబడి యొక చేతఁ గమ్మి పట్టుకొన్నవానికి, రెండవచేతి బొటనవ్రేలి క్రింది మీట యెంత యుపకారియో యీ పరిహాసకు లెఱుఁగరు. దానిని గంటితో వెదకఁ బనిలేదు. నొక్కినఁగాని పుట కదలదు. తెరయందో, వణఁకుచేతి వృద్ధుఁడు పొరపాటునఁ దాఁకినను బుట మాఱును, చదివినచోటు దప్పును.

పదమును దాఁకి నిఘంటువు చూచుట తెరయందు సులభమే, కాదనము. కాని యొక సుగుణమునకై వేఱొకటి బలి కానేల? 2016లో ఒయాసిస్ అను యంత్రమునకు మరల మీటలమర్చి, 2024లో దాని విక్రయమును మాన్చిరి. మీటలు చెడ్డవైన మరలఁ దేనేల? మంచివైన మాన్పనేల?

ఎలక్ట్రానిక్ సిరాకుఁ బుట మాఱునప్పుడే విద్యుత్తు వలయును. కాపీరైటు తీఱిన గ్రంథములను గంప్యూటరునుండి తీఁగద్వారా పాత యంత్రమునను నింపవచ్చును. ఇట్లు పనిచేయు పనిముట్టును జెత్తకుప్పఁ జేర్చుట సంస్కరణము గాదు, అంగడివాని సేవ.

చదువరులారా! పెట్టెలలోఁ బడియున్న పాత యంత్రములను వెలికిఁదీసి, యింటి పెద్దలకును బడి పిల్లలకును నొసంగుఁడు. దురాచారమును విడువుఁడు, మీటను విడువకుఁడు.