గాజుపలక మీద మనుషులు

ఇప్పుడు చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాళ్లంతా ఫొటోగ్రాఫర్లే! అదే నూటయాభై ఏళ్ల కిందటైతే... ఒక్క ఫొటో కోసం పెద్ద తతంగం. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు మందు పూయాలి. దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీసి, చీకటి గదిలోకి పరుగెత్తి కడగాలి. ఇదంతా పది, పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. ఎదుటివాళ్లేమో కొన్ని సెకన్లపాటు బొమ్మల్లా కూర్చోవాలి. కాస్త కదిలినా మొహం చెదిరిపోయేది. పాత ఫొటోల్లో నవ్వుమొహాలు అంతగా కనిపించకపోవడానికి అదీ ఓ కారణమే.

అలాంటి కాలంలో కెమెరా పట్టి, నిజాం నవాబు నుంచి విక్టోరియా మహారాణి దాకా అందరినీ మెప్పించినవారు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివారు. 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం. కట్టడాలకు ఖర్చు అంచనాలు వేయడం, ప్లాన్లు గీయడం ఆయన పని. ముప్ఫయ్యో ఏట సరదాకి కెమెరా పట్టుకున్నారు. ఆ సరదానే ఆయన్ని 1875-76లో వేల్స్ యువరాజు భారత పర్యటనను ఫొటోలు తీసేదాకా తీసుకెళ్లింది. చివరికి నెలనెలా జీతం వచ్చే కొలువునే వదులుకున్నారు. ఈ రోజుల్లోనే ‘సర్కారు ఉద్యోగం మానేసి ఫొటోలు తీసుకుంటా’ అంటే ఇంట్లో ఒప్పుకుంటారా!

1880ల్లో ఆయన మకాం మన గడ్డకి మారింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. విందులు, వేటలు, దర్బార్లు, వజ్రాల హారాలతో నవాబులు... అన్నీ ఆయన గాజుపలకల మీదికి ఎక్కాయి. నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడని అర్థం.

ఇంతకన్నా ముచ్చటైన సంగతి ఒకటుంది. పరదా చాటున ఉండే స్త్రీలు పరాయి మగాడి ముందు కూర్చుని ఫొటో ఎలా దిగుతారు? అందుకని 1892లో హైదరాబాద్‌లో వాళ్ల కోసమే జనానా స్టూడియో పెట్టారాయన. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలికి మగవాళ్లకి ప్రవేశం లేదు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. తమ రూపాన్ని అద్దంలోనే తప్ప చూసుకోనివాళ్లు తొలిసారి కాగితం మీద చూసుకున్నారు.

ఆ కెమెరా సంబరాలకే పరిమితం కాలేదు. 1899-1900 కరువులో ఔరంగాబాద్‌లో బాధితులకు సాయం అందిస్తున్న దృశ్యాలనూ పట్టుకుంది. కరువంటే మన సీమవాళ్లకి ఇంకో సంగతి గుర్తుకురావాలి. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1876-78లో ధాత కరువు వచ్చింది. అనంతపురం అప్పటికింకా జిల్లా కాలేదు, బళ్లారిలోనే ఉండేది. ఆ కరువు కాలంలో విలోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీలో బాధితుల్ని ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్లలాంటి తల్లులు, వాళ్ల ఒళ్లో బిడ్డలు. కెమెరా ముందు వరసగా కూర్చోబెట్టి తీసినవి. నవాబుల ఫొటోల కింద బిరుదులతో సహా పేర్లుంటాయి. వీళ్ల ఫొటోల కింద పేర్లుండవు. అవీ మనిషి మొహాలే. ఇవీ మనిషి మొహాలే!

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన స్టూడియోకి చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో ఆయన పేరున తపాలా బిళ్ల వచ్చింది. నూరేళ్లు దాటినా ఆ మొహాలు చెక్కుచెదరలేదు.

మన ఇళ్లలోనూ ట్రంకుపెట్టెల అడుగున పాత ఫొటోలుంటాయి. పట్టుచీర కట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్న అవ్వ, వెనక చెయ్యేసి నిలబడ్డ తాత. వాళ్లెవరో చెప్పగల పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి, వెనకవైపు పెన్సిల్‌తో మెత్తగా పేరూ ఊరూ రాసిపెట్టండి. మొహాన్ని ఫొటో దాస్తుంది. పేరుని దాచాల్సింది మనమే!