మాటలో పుట్టిన లోకము

త్రిశంకుని కొరకు విశ్వామిత్రుడు దక్షిణ దిక్కున క్రొత్త నక్షత్రములను సృష్టించెనని రామాయణము చెప్పుచున్నది. కవులు చేయు పనియు ఇట్టిదే. ఉన్న లోకము చాలదని తోచినపుడు వారు మరియొక లోకమును నిర్మింతురు. ఆ లోకమునకు కొండలు, సముద్రములు ఉన్నంతనే చాలదు. దానిని పుట్టించిన దైవమును కావలెను. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ (1929–2018) తన ‘ఎర్త్‌సీ’ నవలలలో కల్పించిన సెగోయ్ అట్టి దైవము.

ఎర్త్‌సీ ఒక ద్వీప సముదాయము. ఆదిలో సెగోయ్ ఒక్కొక్క దీవికి పేరు పలికి, దానిని కడలి నుండి పైకి లేపెనని అచ్చటి గాథ. ఆ పేర్లు పలికిన భాషయే సృష్టిభాష. అందు ప్రతి వస్తువునకు, ప్రతి ప్రాణికి ఒక నిజనామము కలదు. దాని నెరిగినవాడే మాంత్రికుడు. మానవులు ఏండ్ల తరబడి శ్రమించి నేర్చుకొను ఆ భాష, రెక్కల మహాసర్పములైన డ్రాగన్లకు పుట్టుకతో వచ్చును. శబ్దతత్త్వమే బ్రహ్మమని భర్తృహరి ‘వాక్యపదీయము’న ప్రతిపాదించెను గనుక, ఈ భావము మన విద్యార్థులకు పరాయిదిగా తోచదు.

1968లో వెలువడిన మొదటి నవలలో సెగోయ్ ఒక పురాతన నామము మాత్రమే. 1972 నాటి మూడవ నవలలో కలెస్సిన్ అను వృద్ధ డ్రాగన్ ప్రవేశించెను. డ్రాగన్లన్నిటిలో పెద్దది అదియే. ఈ రెండు పేర్లును ఒక్క దైవమునవే యని సూచన దొరకుటకు పాఠకులు 1990లో ‘తెహాను’ వెలువడు వరకు, అనగా పదునెనిమిదేండ్లు, వేచియుండవలసి వచ్చెను. ఆ సూచన వచ్చినది ఒక పసిపిల్ల నోట.

ఆ పిల్ల పేరు థెర్రు. తనవారే ఆమెను హింసించి నిప్పులో పడద్రోసిరి. సగము ముఖము, ఒక చేయి కాలిపోయెను. ఊరివారు ఆమెను చూచి జంకుదురు. మగపిల్లలకు మాత్రమే విద్య గరపు రోక్ ద్వీపపు మాంత్రిక విద్యాలయమున ఆమెకు చోటు లేదు. ఆమెను పెంచుకొన్న టెనార్‌ను, మంత్రశక్తి యంతయు కోల్పోయిన గెడ్‌ను ఒక దుష్టమాంత్రికుడు కొండ అంచు నుండి త్రోయింపబూనినపుడు, ఆ బాలిక కలెస్సిన్‌ను పిలిచెను. డ్రాగన్ వచ్చి వ్రాలి వారిని కాపాడెను. ‘తెహాను’ అను నిజనామముతో ఆమెను పిలిచెను. ఆమె దానిని ‘సెగోయ్’ అని సంబోధించెను. రచయిత్రి అచ్చట వ్యాఖ్యానమేమియు చేయలేదు. ఆ ఒక్క సంబోధనతో సృష్టికర్త యెవరో తెలియుచున్నది.

పాశ్చాత్య వీరగాథలలో డ్రాగన్ బంగారమును కాచుకొని, తుదకు వీరుని కత్తికి కూలు శత్రువు. దానినే సృష్టికర్తగా నిలుపుట సామాన్యమైన సాహసము కాదు. అంతకన్న పెద్ద సాహసము మరియొకటి కలదు. సృష్టిగీతమును కంఠస్థము చేసిన పండితులకు సెగోయ్ నామము మాత్రమే తెలియును. ఎవరును లెక్కింపని పిల్లకు సెగోయ్ స్వయముగా తెలియును.

మనకు పురాణములుండగా ఒకరు కల్పించిన దేవుని కథ మన పిల్లలకేల యని కొందరు అడుగవచ్చును. ఈ దైవము పూజను కోరదు; కల్పనయని చెప్పియే మన ముందు నిలుచును. కల్పనను చూచి పెద్దలు జంకుట మనకు మాత్రమే చెందిన గుణము కాదు. అమెరికనులు డ్రాగన్లకు ఏల భయపడుదురని లెగ్విన్ 1974లో అచ్చయిన ఒక వ్యాసమున తన దేశీయులనే ప్రశ్నించెను. కల్పన వాస్తవము కాకపోవచ్చును గాని సత్యమును చెప్పగలదని ఆమె వాదము.

ఆ సత్యమేదో ఉపాధ్యాయునకు వేరుగ చెప్పనక్కరలేదు. ప్రతి ఉదయము ఆయన హాజరుపట్టీ తెరచి పేర్లు పిలుచును. ఆ పట్టీలో లేని పేర్లు కూడ తరగతిలో వినవచ్చుచుండును: మొద్దు, మొండి, దండుగ. పిలువగా పిలువగా పిల్లలు ఆ పేర్లకే పలుకుటకు అలవాటు పడుదురు. సెగోయ్ పేరు పిలిచినంతనే దీవులు కడలి నుండి లేచెను. వెనుక బల్లపై తలవంచుకొని కూర్చున్న పిల్ల ఏ పేరు పిలిచినచో తల యెత్తునో ఆ ఉపాధ్యాయుడే వెదకవలెను.