మామునూరు చేసిన తప్పు అయిదు కిలోమీటర్లు

శాన్‌ఫ్రాన్సిస్కోల విమానమెక్కి, దుబాయ్‌ల మారి, ఒక రోజు గడిచినంక శంషాబాద్‌ల దిగే వరంగల్ బిడ్డకు అసలు ప్రయాణం అక్కడ్నించే మొదలైతది. సిటీ అంతా ఈది ఉప్పల్ దాటాలె. ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ... హన్మకొండ చేరేసరికి ఇంకో నాలుగు గంటలు. పండుగపూట ఎన్ని గంటలో చెప్పలేం.

మరి వరంగల్‌కు విమానాశ్రయం లేదా? ఉన్నది. మామునూరుల నిజాం 1930ల కట్టించిండు. 1980ల మొదట్ల మూతపడ్డది. మళ్లీ తెరవుమంటే ఏండ్ల తరబడి 2004 డిసెంబర్ నాటి ఒప్పందం చూపిస్తూ వచ్చిన్రు. శంషాబాద్ నుంచి గగనమార్గంల 150 కిలోమీటర్ల లోపల, ఇరవై అయిదేండ్ల దాకా, ఇంకో విమానాశ్రయం లేవొద్దంట! శంషాబాద్ మొదలైంది 2008 మార్చి 23న. అంటే ఆ లెక్కన 2033 దాకా మనం ఆగాలన్నరు.

మ్యాపు తీసి మీరే కొలువుండ్రి. శంషాబాద్ నుంచి మామునూరుకు సరళరేఖల సుమారు 145 కిలోమీటర్లు. ఇంకో అయిదు కిలోమీటర్లు అవతల ఉంటే బతికిపోయేది! గన్నవరం ఆ గీతకు నూరు కిలోమీటర్లకు పైగా అవతల, హాయిగా ఉన్నది. విశాఖ, రాజమండ్రి, తిరుపతి సంగతి చెప్పనే అక్కర్లేదు, అక్కడ విమానాలు తిరుగుతనే ఉన్నయి. తెలంగాణల హైదరాబాద్ తప్ప ఒక్కటి లేదు. గీత దాటి ఉన్న బసంత్‌నగర్ రన్‌వే కూడా పడావే. కాబట్టి ఒప్పందమొక్కటే కారణమని నమ్మేటంత అమాయకులం కాదు.

మనముండే దేశం చూడుండ్రి. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ విమానాశ్రయాల నడుమ దూరం సుమారు 18 కిలోమీటర్లు. శాన్‌హోజే ఇంకో 50 లోపే. న్యూయార్క్‌ల కెన్నెడీకి, లగార్డియాకు నడుమ 17. షికాగోల ఓహేర్‌కు, మిడ్‌వేకు 25. ఏదీ దేన్నీ మింగలేదు. మన బేగంపేట శంషాబాద్‌కు అంతే దూరం, 25 లోపే. శంషాబాద్ తెరిచిన్నాడే దానికి తాళం పడ్డది. తమ పాత విమానాశ్రయం మూయొద్దని ఉద్యోగులు సమ్మె చేస్తే విన్నోడెవడు?

వరంగల్‌ల ప్యాసింజర్లు ఎక్కడున్నరని అడిగే సమైక్య మిత్రులకు ఒక్క మాట. ఎక్కేటోళ్లే లేకపోతే ఆపనీకె ఒప్పందమెందుకు? ఖాళీ విమానాశ్రయానికి ఎవడైనా భయపడ్తడా? దేశంల మొదటి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ 1959ల పెట్టింది వరంగల్‌లనే. అక్కడ చదివి ఇక్కడికొచ్చినోళ్లు ఎందరో మీ ఆఫీసులనే లెక్కపెట్టుకోండి.

ఇంకో మాట కూడా విన్నం: "శంషాబాద్ ఎయిర్‌పోర్టు మేం కట్టినం, హైదరాబాద్ మాది." అయిదు వేల ఎకరాలకు పైగా భూమి రంగారెడ్డి జిల్లాది. అది పోగొట్టుకున్న రైతు పేరు ఆ టెర్మినల్ మీద ఎక్కడన్న ఉన్నదా?

మన సభలకు వచ్చే మంత్రులను శాలువాలు కప్పి పంపుతున్నం. ఈసారి శాలువాతో పాటు మ్యాపు కూడా చేతిల పెట్టండి. 150 అనే అంకె రాసేటప్పుడు వరంగల్ ఎంత దూరమో ఎవరన్న కొలిచిన్రా అని అడుగుండ్రి. జవాబు వచ్చేదాకా మైకు ఇయ్యకుండ్రి.