ఫ్రిజ్ మీద కాఫీ చీటీ

"నీ చేతి కాఫీ పడితే గానీ నాకు తెల్లారదు" అని ఇంట్లో ఎవరైనా అంటే మరీ మురిసిపోకండి అంటాను నేను. ఆ మాటలో ప్రేమ లేదనను. ఉంది. దాని వెనకాలే ఇంకో సంగతి కూడా ఉంది. రేపు నువ్వే లేవాలి, ఎల్లుండీ నువ్వే లేవాలి, జ్వరమొచ్చినా నువ్వే లేవాలి. మా అత్తయ్యగారు నలభై ఏళ్ళు అలాగే లేచారు. ఇత్తడి ఫిల్టరు, కంటికొలత, చిక్కటి డికాక్షను. ఆవిడ కాఫీ గొప్పదే, అందులో అనుమానం లేదు. కానీ ఆవిడకి ఒంట్లో బాగాలేని రోజున కూడా ఇంకొకరు స్టౌ వెలిగించిన పాపాన పోలేదట. "ఆ రుచి మా చేతికెక్కడ వస్తుంది" అనేవారట. ఎంత మర్యాదైన సాకో చూడండి!

మా ఇంట్లోకి ఎస్ప్రెస్సో మిషన్ వచ్చి రెండేళ్ళు దాటింది. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన ఏడాది కొనిచ్చింది. ఈ రెండేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఈ మిషన్ మీద రోజూ ఒకేలాంటి మంచి కాఫీ రావడానికి ఎవరి చేతి మహిమా అక్కర్లేదు. ఒక కాటా, ఫోన్‌లో ఒక టైమరు, ఫ్రిజ్ మీద ఒక చీటీ ఉంటే పదహారేళ్ళ పిల్లాడైనా, డెబ్భై ఏళ్ళ తాతగారైనా చేయగలరు. ఆడవాళ్ళం మనం ముందుగా పట్టుకోవాల్సింది ఈ సంగతినే.

ముందు ఎస్ప్రెస్సో అంటే ఏమిటో ఒక మాట. మన పెళ్ళిళ్ళలో స్టీలు మిషన్ బుస్సుమంటూ పాలు నురగ కట్టిస్తే, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తారు చూడండి, దాన్నే మనం చిన్నప్పటి నుంచీ ఎస్ప్రెస్సో అనుకున్నాం. అందులో ఉండేది ఇన్‌స్టంట్ పొడి. అసలు ఎస్ప్రెస్సో పుట్టింది ఇటలీలో. మిలాన్‌లో లుయిజీ బెజ్జెరా అనే ఆయన 1901లో ఆవిరితో నడిచే మిషన్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మనం చూసే తేనెరంగు నురగ, దాన్ని క్రీమా అంటారు, అది అకీల్లే గాజ్జా చేసిన లీవరు మిషన్లతో 1940ల చివర్లో వచ్చింది. ఆవిరి వదిలేసి, నీళ్ళని గట్టి ఒత్తిడితో పొడిలోంచి తోయడం అక్కడ మొదలైంది. ఆ ఒత్తిడి సుమారు 9 బార్లు. మన కుక్కర్ విజిల్ వేసే ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లన్నమాట. డబ్బా మీద 15 బార్లు, 20 బార్లు అని రాసి ఉంటే మోజు పడకండి. పొడి దగ్గర కావలసింది ఆ తొమ్మిదే. అన్నట్టు, ఇటలీలో ఇళ్ళల్లో మామూలుగా కనిపించేది స్టౌ మీద పెట్టుకునే మోకా పాత్ర. ఎస్ప్రెస్సో వాళ్ళు బారు దగ్గర నిలబడి తాగే కాఫీ. ఇంట్లో అది కుదరాలని పట్టుబట్టింది తర్వాతి తరం వాళ్ళం.

కుదరకపోవడానికి కారణం కూడా ఆ ఒత్తిడే. ఫిల్టరులో నీళ్ళు తీరిగ్గా, తమ బరువుకి తాము దిగుతాయి. పొడి కాస్త అటూ ఇటూ అయినా డికాక్షను మన్నిస్తుంది. ఇక్కడ అంతా అర నిమిషంలో అయిపోతుంది. తప్పు దిద్దుకునే వ్యవధే ఉండదు. అందుకే నిన్న అమృతంలా ఉన్నది ఇవాళ చింతపండు పులుసులా ఉంటుంది. అది మన అదృష్టం మీదో, మిషన్ మూడ్ మీదో ఆధారపడదు. లెక్క ఉంది.

లెక్క చాలా చిన్నది. 18 గ్రాముల పొడి వేస్తే కప్పులోకి 36 గ్రాముల కాఫీ దిగాలి. అంటే ఒకటికి రెండింతలు. పంపు మొదలైన దగ్గర్నుంచి 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. పదిహేను సెకన్లకే గబగబా దిగిపోతే నీళ్ళు పొడిని సరిగా పట్టుకోలేదని అర్థం. పుల్లగా, పలచగా ఉంటుంది. పొడి ఇంకాస్త మెత్తగా ఆడించాలి. నలభై సెకన్లు దాటి బొట్టుబొట్టుగా దిగితే మాడుచేదు వస్తుంది. పొడి కాస్త బరకగా ఉండాలి. పులుపుకి మెత్తన, చేదుకి బరక. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయినట్టే.

కాబట్టి గుట్టంతా పొడిలో ఉంది. సన్న ఉప్పు కంటే మెత్తగా, మైదా కంటే బరకగా ఉండాలి, పైగా అన్నీ ఒకే సైజు నలుసులు కావాలి. మిక్సీ ఇక్కడ పనికిరాదు. మిక్సీ బ్లేడు కొన్ని గింజల్ని పిండి చేస్తుంది, కొన్నింటిని నూకలుగా వదిలేస్తుంది. పిండి చేదునిస్తుంది, నూకలు పులుపునిస్తాయి, రెండూ ఒకే కప్పులో వస్తాయి. డబ్బులు పరిమితంగా ఉంటే నా సలహా ఒకటే: మిషన్ ఒక మెట్టు తగ్గించుకుని ఆ డబ్బు మంచి గ్రైండర్ మీద పెట్టండి. గ్రైండర్ ఇప్పుడే కొనలేమంటే, మిషన్‌తో పాటు అడుగున రెండు పొరలుండే బాస్కెట్ కూడా చాలావాటికి ఇస్తారు. దాన్లో కొన్న పొడి వేసినా నురగతో కాఫీ వస్తుంది. అదేం తక్కువతనం కాదు. కాకపోతే ఫిల్టరు కోసం ఆడించిన చికోరీ పొడి మాత్రం మామూలు బాస్కెట్‌లో వేయకండి. ఆ బరకకి నీళ్ళు కుళాయి విప్పినట్టు కారిపోతాయి. చికోరీ రంగు వల్ల చిక్కగా దిగిందన్న భ్రమ ఒకటి మిగులుతుంది.

గింజలు కొనేటప్పుడు వేయించిన తేదీ చూడండి. అరకు, చింతపల్లి కొండల్లో గిరిజన రైతులు పండించే అరబికా మనకి దగ్గర్లోనే దొరుకుతుంటే, ఎక్కడో వేయించి ఏడాదిగా ఓడల్లోనూ గోడౌన్లలోనూ తిరిగిన గింజలు దేనికి? వేయించిన వారానికి వాడడం మొదలుపెట్టి, నెలా నెలన్నరలో ముగించడం మంచిది. మరీ వేడివేడిగా నిన్ననే వేయించినవైతే లోపలున్న గ్యాసు వల్ల నురగ పొంగుతుంది గానీ రుచి నిలకడగా ఉండదు. ఖర్చు కూడా లెక్కేసుకోండి. 250 గ్రాముల పాకెట్‌కి పదమూడు షాట్లు వస్తాయి, అంతే. అందుకే మా ఇంట్లో పొద్దున్నే మిషన్ కాఫీ, సాయంత్రం ఫిల్టరు కాఫీ.

పొడి బాస్కెట్‌లో వేశాక సమంగా సర్దాలి. ఇది పొలం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గట్టుకి చిన్న గండి పడితే నీళ్ళన్నీ అటే పోతాయి, మిగతా మడి ఎండిపోతుంది. పొడిలోనూ అంతే. ఒక పక్క వదులుగా ఉంటే నీళ్ళు ఆ పక్కనే దూసుకుపోతాయి. ఆ పక్క పొడి చేదెక్కుతుంది, మిగతాది పుల్లగా ఉండిపోతుంది. సన్నటి సూదితో ఉండలు విడదీసి, టాంపర్‌తో వంకర లేకుండా నొక్కితే చాలు. బలమంతా ఉపయోగించి నొక్కక్కర్లేదు, సమంగా ఉండడం ముఖ్యం. ఇంకోటి, పిడి ఉన్న ఆ పోర్టాఫిల్టర్ చల్లగా ఉంటే మొదటి కప్పు పుల్లబడుతుంది. దీపం లైటు వెలిగింది కదా అని తొందరపడకుండా, ఒకసారి ఖాళీగా వేడినీళ్ళు వదిలి అప్పుడు మొదలుపెట్టండి.

ఇక మావారి పద్ధతి. ఆదివారం పూట కాఫీ ఆయనది. వీడియోలు చూసి వస్తారు. ఒకే కప్పుకి పొడి పెంచుతారు, గ్రైండర్ అంకె మారుస్తారు, నీళ్ళు కూడా మారుస్తారు. బాగా వస్తే ఎందుకొచ్చిందో తెలీదు, పాడైతే ఎందుకు పాడైందో తెలీదు. నా పట్టు ఏమిటంటే ఒకసారికి ఒకటే మార్చాలి. పొడి 18 అంటే 18, కప్పులోకి 36 అంటే 36. కదిపేది గ్రైండర్ అంకెనొక్కటే. పులుసులో ఉప్పు, కారం, చింతపండు మూడూ ఒకేసారి వేసి "ఏదో తేడాగా ఉంది" అంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? అంకె మార్చాక ముందు ఆడించిన పొడి కొంత గ్రైండర్ గొంతులోనే ఉంటుంది. మూడు నాలుగు గ్రాములు ఆడించి పారేసి, ఆ తర్వాత వచ్చిన పొడినే నమ్మాలి. ఆ నాలుగు గ్రాములకి మనసొప్పనివాళ్ళు మరో రెండు కప్పులు పాడుచేసుకుంటారు.

అంకెలు రాసిపెట్టుకోవడం మనకేం కొత్త కాదు. గోడ మీద బొగ్గుతో పాలవాడి గీతలు గీసిన ఇళ్ళు మనవి. చాకలి పద్దు, సరుకుల పద్దు రాసిన చేతులు మనవి. కాఫీకి రెండు అంకెలు రాయడం పెద్ద పనా? మా చీటీలో ఉన్నది ఇంతే: పొడి 18, కప్పులోకి 36, 27 సెకన్లు, గ్రైండర్ అంకె 9. కింద ఒక లైను: "త్వరగా దిగితే అంకె ఒకటి తగ్గించు, ఆలస్యమైతే ఒకటి పెంచు." మా గ్రైండర్‌లో అంకె తగ్గితే మెత్తన, మీ దానిలో ఎటో చూసుకోండి. వానలు మొదలయ్యాక అప్పడాలు మెత్తబడ్డట్టే ఈ అంకె కూడా జరిగింది. దాని పక్కన తేదీ వేశాం. నీళ్ళ సంగతి కూడా చీటీలోనే ఉంది. హైదరాబాద్ బోరు నీళ్ళు పోస్తే మిషన్ లోపల సున్నం పేరుకుంటుంది. వట్టి ఆర్వో నీళ్ళైతే కాఫీ చప్పగా ఉంటుంది. అందుకని మేం ఆర్వో నీళ్ళల్లో కొంత ఫిల్టరు చేసిన మునిసిపల్ నీళ్ళు కలుపుతాం.

కిందటేడు మా అమ్మకి మోకాలి ఆపరేషనైతే పన్నెండు రోజులు కాకినాడలో ఉన్నాను. ఇదివరకు ఊరెళితే రెండో రోజు పొద్దున్నే ఫోను మోగేది, "డికాక్షనుకి పొడి ఎన్ని చెంచాలు?" అని. ఈసారి మోగలేదు. మూడోరోజు నేనే చేసి అడిగితే, "నువ్వుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంది" అన్నారు మావారు. చెప్పొద్దూ, ఆ మాట కాస్త గుచ్చుకుంది. అమ్మ మంచం పక్కన కూర్చుని ఆలోచిస్తే, పదిహేనేళ్ళ క్రితం నాన్నగారి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా చెంచాలు చెబుతూ కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ గుచ్చుకోవడం సాయంత్రానికి పోయింది.

దీనికి మా స్నేహితురాలు ఒప్పుకోదు. "అన్నీ రాసి గోడకి అంటిస్తే ఇంక మన విలువేముంటుంది? ఆ మాత్రం ఆధారపడనీ" అంటుంది. ఆ మాటని నేను తేలిగ్గా తీసేయను. మన పనికి జీతం లేదు, సెలవు లేదు, ఉన్నదల్లా ఆ ఒక్క మెప్పే. అదీ పోతే ఎలా అన్నది ఆవిడ భయం. కానీ రోజూ అయిదింటికి లేస్తే తప్ప దొరకని మెప్పు చాలా ఖరీదైనది. పైగా చేతి రుచి అన్నదాన్ని మగవాళ్ళకి అంటగట్టడం ఎప్పుడైనా విన్నారా? హోటల్లో అదే కాఫీ మాస్టరు వందలమందికి కలిపితే దాన్ని పనితనం అంటాం, జీతం ఇస్తాం. ఇంట్లో చేస్తే మహిమ అని దండం పెట్టి ఊరుకుంటాం.

మా అత్తయ్యగారు మొదట్లో "బంగారం తూచినట్టు తూస్తున్నారేమిటే" అని నవ్వేవారు. ఒకసారి మా అమ్మాయి ఆవిడ ఫిల్టరులో వేసే పొడిని వరసగా మూడు రోజులు కాటా మీద చూసింది. 22, 21, 22. కంటికొలత అంటే అదీ! లెక్క ఆవిడ దగ్గరా ఉంది, కాయితం మీద లేదంతే. ఇప్పుడు ఫ్రిజ్ మీద రెండో చీటీ కూడా ఉంది, నానమ్మ డికాక్షను పేరుతో. అది చూసి ఆవిడ, "ఇన్నేళ్ళూ ఒక్కరూ అడగలేదేమే?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆవిడకి మిషన్ కాఫీలో ఒకటే పేచీ, వేడి చాలదని. కాఫీ షాపుల్లో పాలు 60, 65 డిగ్రీలకి ఆపేస్తారు. పొగలు కక్కే కాఫీ తాగినవాళ్ళకి అది చల్లారిన కాఫీయే. ఆవిడ గ్లాసుకి మాత్రం నురగ తగ్గించి, పాలు ఇంకాస్త కాగనిస్తాం. వీడియోలవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే మానె.

ఇక చీటీలో అడుగున ఎర్ర ఇంకుతో రాసింది మావారి కోసం. పాలగొట్టం వెంటనే తుడవాలి, లేకపోతే పాలు అట్టకట్టి లోపలికి పీల్చుకుంటాయి. పొడి పిప్పి పారేసి బాస్కెట్ కడగాలి. కింద ట్రే ఖాళీ చేయాలి. వారానికోసారి మిషన్ లోపలి జిడ్డు కడగాలి, లేకపోతే ఎంత మంచి గింజలైనా పాతనూనె వాసనే వస్తుంది. ఎవరు కాఫీ చేస్తే వాళ్ళే ఇవన్నీ చేయాలి. ఆదివారం కాఫీలకి మొదటి రెండు నెలలు ఆ లైను ఎవరికీ కనబడలేదు. నేను తుడవకుండా ఊరుకున్నాను. మూడో నెలలో కనబడింది.