పుట్టనేలేని పెండ్లికూతురు



ఇంటర్మీడియెట్ చదువుతున్న మా మనుమరాలు మొన్న తన కంప్యూటరు మీద నాకొక బొమ్మల చిత్రమాలిక చివరి భాగాన్ని చూపించింది. ముగిసిన వెంటనే తానే కోపం తెచ్చుకుని, "ఇన్నేళ్లు కష్టపడ్డవాడికి ఇదా తాతగారూ ఫలితం?" అన్నది. అప్పటికప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ముందు భాగాలన్నీ వరుసగా చూపించమని అడిగి, నెలరోజులు కూర్చుని చూశాను. ఇప్పుడు నాకు తోచినది వ్రాస్తున్నాను.

ఆ చిత్రమాలిక పేరు సామురాయ్ జాక్. కర్త గెండీ టార్టకోవ్‌స్కీ. అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో 2001లో మొదలై, 2004లో ముగింపు లేకుండానే ఆగిపోయింది. పదమూడేళ్ల తరువాత, 2017లో, పది భాగాలతో కథను పూర్తిచేశారు. చివరి భాగం ఆ యేడు మే 20న ప్రసారమైంది.

కథ ఇది. అకూ అనే దుష్టశక్తిని సంహరించబోయిన ఒక జపాను రాజకుమారుణ్ణి, ఆ అకూ సుదూర భవిష్యత్తులోకి విసిరివేస్తాడు. అక్కడ లోకమంతా అకూ ఏలుబడిలోనే ఉంటుంది. తిరిగి తన కాలానికి చేరుకుని, అకూ దుర్మార్గం మొదలుకాకముందే అంతం చేయాలన్నది జాక్ దీక్ష. చివరి పది భాగాల నాటికి యాభై యేండ్లు గడిచిపోయి ఉంటాయి. అతనికి వార్ధక్యం రాదు, ఆశ మాత్రం సన్నగిలుతుంది. అతణ్ణి చంపడానికే పెంచిన ఏడుగురు అక్కచెల్లెళ్లలో మిగిలిన ఒక్క ఆషీ, అతని మంచితనం గ్రహించి సహచరి అవుతుంది. ఆమె అకూ అంశతో పుట్టినదని తరువాత తెలుస్తుంది. చివరకు ఆ తండ్రి శక్తితోనే ఆమె కాలద్వారం తెరుస్తుంది. జాక్ గతానికి చేరి అకూను సంహరిస్తాడు. పెండ్లి ఏర్పాటవుతుంది. వధువు నడచి వస్తూ కుప్పకూలి, వరుని చేతులలోనే మాయమైపోతుంది. అకూయే లేనప్పుడు అతని కూతురు ఎక్కడినుంచి వస్తుంది?

దీనిమీద తర్కం చేసేవారు వెంటనే రెండు ప్రశ్నలు వేస్తారు. ఆషీ పుట్టనే లేదంటే కాలద్వారం తెరచినదెవరు? మాయం కావలసినది అకూ చచ్చిన క్షణంలోనే కదా, పెండ్లి దాకా ఎందుకు ఆగినట్లు? రెండూ న్యాయమైన ప్రశ్నలే. చిత్రంలో సమాధానం లేదు. ఆ జాప్యం కథకుడు మనకోసం కల్పించుకున్నది. మంగళవాద్యాలు మ్రోగవలసిన చోట నిశ్శబ్దం పెట్టాలని అతని ఉద్దేశం. ఇటువంటి చోట తర్కం కంటె ఔచిత్యమే ప్రమాణమని నేను అంగీకరిస్తాను.

నన్ను పట్టుకున్నది మరొక విషయం. "ఆమె చచ్చిపోయినట్లేనా తాతగారూ?" అని మనుమరాలు అడిగింది. కాదన్నాను. మన నైయాయికులు అభావాన్ని నాలుగు విధాలుగా చెప్పారు. ఉన్న కుండ పగిలిపోతే కలిగేది ప్రధ్వంసాభావం. మూడు కాలాలలోనూ లేకపోవడం అత్యంతాభావం. మరణం మొదటి కోవలోనిది. మీ నాయనమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె కూర్చున్న పీట ఉంది, ఆమె చేతివ్రాతతో చాకలిపద్దు ఉంది, ఆమె ముక్కుతో నువ్వున్నావు. నా దుఃఖానికి ఆనవాళ్లున్నాయి, సాక్షులున్నారు. జాక్ దుఃఖానికి అవి లేవు. ఆషీ తిరిగిన అడవి లేదు, ఆమె తాగిన నీళ్లు లేవు, ఆమె పుట్టిన రోజే లేదు. పెండ్లికి వచ్చినవారు ఆమెను నాలుగు రోజులు చూశారేమో గాని, ఆమె ఏ లోకం నుంచి వచ్చిందో ఎరిగినవాడు అతడొక్కడే. అనుభవం కలిగించిన వస్తువు మూడు కాలాలనుంచీ తుడిచిపెట్టుకుపోగా సంస్కారం మాత్రం మిగిలిపోయిన మనిషి అతడు. ఇంతటి ఒంటరితనాన్ని పిల్లల బొమ్మల మాలికగా మొదలైనదానిలో చూస్తాననుకోలేదు.

అయితే నాకొక ఫిర్యాదు ఉన్నది. మాయమైనది ఆషీ ఒక్కతేనా? చివరి పోరాటంలో జాక్‌ను విడిపించడానికి, అతడు ఒకప్పుడు మేలు చేసినవారందరూ పరుగెత్తుకు వస్తారు. అతడు శాపవిముక్తి కలిగించిన ముగ్గురు విలుకాండ్రు, చనిపోయి కూడా ప్రేతరూపంలో వచ్చిన స్కాట్లండు యోధుడు, అతని కుమార్తెలు. అకూ ఏలిన ఆ భవిష్యత్తే లేకుండా పోతే వారంతా ఏమయ్యారు? వారు ప్రాణాలకు తెగించి సాధించిపెట్టిన విజయమే వారి ఉనికిని చెరిపివేసింది. ప్రేయసికోసం వాపోయిన కథ, వీరికోసం ఒక్క క్షణమైనా ఆగలేదు. ఇరవై రెండు నిమిషాల భాగంలో తీరిక లేకపోయిందని సరిపెట్టుకోలేను. భారతంలో యుద్ధం ముగియగానే పట్టాభిషేకం వెంటనే రాదు. ముందు స్త్రీపర్వం వస్తుంది. చనిపోయినవారినందరినీ పేరుపేరునా తలచుకుని ఏడ్చి, తిలోదకాలు విడిచిన తరువాతనే ధర్మరాజు సింహాసనం వైపు చూడగలిగాడు. ఇక్కడ ఆ స్త్రీపర్వం లోపించింది.

ఇంత చెప్పినా, చివరి దృశ్యానికి నమస్కరిస్తున్నాను. జాక్ ఒంటరిగా అడవిలో చెట్టుకింద కూర్చుంటాడు. నల్లచుక్కలున్న చిన్న ఎర్రపురుగు వచ్చి అతని చేతిమీద వాలుతుంది. ఆషీ పసితనంలో అటువంటి పురుగునే చూసి ముచ్చటపడితే, తల్లి దానిని నలిపివేసింది. జాక్ మాత్రం దానిని మెల్లగా ఎగరనిచ్చాడు. ఆ భేదమే ఆమె మనస్సును మార్చింది. ఇప్పుడు కూడా అతడు దానిని కొంతసేపు చూచి వదిలివేస్తాడు. ముఖంమీద చిరునవ్వు కనపడుతుంది. ఒక్క మాట ఉండదు.

ఆ పురుగును మన రైతులు అక్షింతల పురుగు అంటారు. చిత్రం తీసినవారికి ఈ మాట తెలియదు. పెండ్లిలో పడవలసిన అక్షింతలు ఈ రూపాన అతని చేతిమీద ఒక్కటి పడిందనిపించి, తెలుగువాణ్ణి గనుక, నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

మా మనుమరాలికి నేను చివరకు ఇచ్చిన సమాధానం ఇది. అతడు యాభై యేండ్లు కష్టపడినది తన సుఖంకోసం కాదు, కాబట్టి ఫలితం అతని ఇంటికి రాకపోవడం అన్యాయం కాదు. అన్యాయమల్లా, ఎవరెవరిని కోల్పోయి ఆ ఫలితం సాధించాడో లోకానికి ఎన్నటికీ తెలియకపోవడం. అమ్మాయి కొంతసేపు ఆలోచించి, "మనకు తెలుసు కదా తాతగారూ" అన్నది.

నిజమే. కథలు చెప్పుకోవడం అందుకే కాబోలు.