పిస్టల్ ఛాంబర్ అడుగున ఆ కాస్త ఖాళీ ఎందుకంత ముఖ్యం? లైసెన్స్ ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి?

మల్లాపూర్, నాచారం పారిశ్రామికవాడల్లో ఏటీఎంకు డబ్బు తెచ్చే వ్యాన్ ఆగగానే తుపాకీతో గార్డు దిగడం మీరు చూసే ఉంటారు. లైసెన్స్ తీసుకుని పిస్టల్ దగ్గర పెట్టుకునే వ్యాపారులూ నగరంలో ఉన్నారు. తుపాకీ మాట వస్తే మనం అడిగేది ఒక్కటే: లైసెన్స్ ఉందా? అందులో వేసే తూటా సరైనదేనా, పిస్టల్ ఆ తూటాను గట్టిగా పట్టి ఉంచుతోందా అని అడిగేవాళ్లు తక్కువ. పేల్చినవాళ్ల చేతికే గాయమయ్యే ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే.

అసలు బలహీనమైన భాగం ఏది?

తూటా అంటే ముందున్న బుల్లెట్ ఒక్కటే కాదు. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున ప్రైమర్ కలిస్తేనే తూటా. ట్రిగ్గర్ నొక్కగానే మందు అంటుకుని గ్యాస్ పుడుతుంది. .32 ఏసీపీ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం 20,500 పీఎస్ఐ. మీ కారు టైరులో ఉండేది సుమారు 32 పీఎస్ఐ. అంటే 600 రెట్లకు పైనే. 9 ఎంఎంలో అయితే 35,000 పీఎస్ఐ.

పల్చటి ఇత్తడి ఒంటరిగా ఇంత ఒత్తిడిని ఆపలేదు. చుట్టూ ఉన్న ఉక్కు గోడ, అంటే ఛాంబర్, దాన్ని ఆపుతుంది. ఉక్కు ఆనుకోని చోట భారమంతా ఇత్తడి మీదే పడుతుంది.

చిన్న పిస్టల్‌లో చిక్కేమిటి?

మ్యాగజైన్ నుంచి తూటా పైకి జారి ఛాంబర్‌లోకి వెళ్లడానికి ఏటవాలు దారి ఉంటుంది. దాన్ని ఫీడ్ ర్యాంప్ అంటారు. చాలా పిస్టళ్లలో ఈ దారి కోసం ఛాంబర్ అడుగు అంచును కొద్దిగా కోస్తారు. జేబులో పట్టే పిస్టల్‌లో చోటు తక్కువ కాబట్టి, తూటా ఇరుక్కోకుండా ఆ కోత కాస్త లోతుగా పెట్టాల్సి రావచ్చు. కోత ఎంత లోతైతే గొట్టం అడుగున ఆసరా అంత తగ్గుతుంది.

తూటా గొట్టం మడమ భాగం మందంగా ఉంటుంది. కోత అక్కడి వరకే ఉంటే ఇబ్బంది లేదు. పల్చటి గోడ దాకా వస్తే పేలినప్పుడు ఇత్తడి ఉబ్బుతుంది. పీడనం హద్దు దాటితే చిరుగుతుంది. అప్పుడు వేడి గ్యాస్ కిందికి తన్ని మ్యాగజైన్‌ను ఊడగొట్టి, పిడిని పగలగొట్టగలదు. 1990లో అమెరికాలో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ తూటాతో కొన్ని తొలితరం పిస్టళ్లలో ఇదే పెద్ద చర్చయింది. తర్వాత తయారీదారులు ఛాంబర్ ఆసరా పెంచారు.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

9 ఎంఎం మన దేశంలో నిషేధిత బోర్. సాధారణ లైసెన్స్‌పై పౌరులకు దొరికే పిస్టల్ ఎక్కువగా .32. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల 'అశని' పిస్టల్ ఈ రకమే. పీడనం తక్కువ కాబట్టి దీనిలో ఛాంబర్ ఆసరా సమస్య కూడా తక్కువే. అలాగని నిశ్చింతగా ఉండలేం. ఎందుకంటే ఇక్కడ మరో గందరగోళం ఉంది.

'.32' పేరుతో రెండు వేర్వేరు తూటాలున్నాయి. పిస్టల్‌కు .32 ఏసీపీ. కాన్పూర్‌లో తయారయ్యే 'నిర్భీక్' లాంటి రివాల్వర్లకు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్. రెండో దాని గరిష్ఠ పీడనం 15,000 పీఎస్ఐ మాత్రమే. పిస్టల్ తూటా ఇలాంటి కొన్ని రివాల్వర్లలో దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చితే, తట్టుకునేలా తయారుకాని ఆయుధంపై అదనపు ఒత్తిడి పెట్టినట్టే. పాత రివాల్వర్ అయితే ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక నాటు పిస్టళ్ల సంగతి. ఫ్యాక్టరీ ఆయుధాన్ని అమ్మే ముందు ఎక్కువ పీడనం ఇచ్చే తూటాతో పరీక్షించి ముద్ర వేస్తారు. నాటు పిస్టల్‌కు ఆ పరీక్షే ఉండదు. అది చట్టవిరుద్ధమే కాదు, పట్టుకున్న చేతికీ ప్రమాదమే.

మీరు ఏం చూసుకోవాలి?

• తూటా అడుగున ఉన్న ముద్ర, డబ్బాపై పేరు, ఆయుధంపై చెక్కిన పేరు మూడూ ఒకటేనా చూడండి. '.32' అన్న అంకె సరిపోదు.

• డ్యూటీ దిగేటప్పుడు తూటా తీసి, మర్నాడు అదే తూటాను మళ్లీ ఛాంబర్‌లో వేయడం చాలామందికి అలవాటు. ప్రతిసారీ బుల్లెట్ ర్యాంప్‌కు కొట్టుకుని గొట్టం లోపలికి జరుగుతుంది. లోపల చోటు తగ్గి పీడనం పెరుగుతుంది. కొత్త తూటా పక్కన పెట్టి చూడండి. పొట్టిగా కనిపిస్తే వాడొద్దు.

• రేంజ్‌లో పేల్చిన గొట్టం అడుగున ఒకవైపు ఉబ్బు కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

• శబ్దం మామూలు కంటే బలహీనంగా వస్తే మళ్లీ ట్రిగ్గర్ నొక్కకండి. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు.

• పచ్చ చిలుము పట్టిన, సొట్టలు పడిన, ఎవరో తిరిగి నింపి ఇచ్చిన తూటాలు పక్కన పెట్టండి.

ఎక్కడికి వెళ్లాలి?

అనుమానం ఉన్న పిస్టల్‌ను తెలిసిన మెకానిక్‌కు ఇవ్వకండి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం ఆయుధం రిపేరుకూ, తూటాల తయారీకీ విడిగా లైసెన్స్ కావాలి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరకే వెళ్లండి. లైసెన్స్ గడువు ముగిసిందా? సెక్షన్ 21 ప్రకారం ఆయుధంతో పాటు తూటాలనూ దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ డీలర్ దగ్గరో అప్పగించాలి. తాత వదిలి వెళ్లిన తూటాల డబ్బా బీరువాలో ఉన్నా ఇదే దారి. చెత్తబుట్టలోనో, చెరువులోనో పడేయకండి.

2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. కాగితం ఐదేళ్లు చెల్లుతుంది కానీ, తూటా పరిస్థితి ఆ కాగితం చూస్తే తెలియదు. ఎన్నికలప్పుడు పోలీసులకు అప్పగించిన ఆయుధాన్ని వెనక్కి తెచ్చుకున్న రోజును గుర్తుగా పెట్టుకోండి. రసీదుతో పాటు తూటాలను కూడా ఒక్కొక్కటిగా వెలుతురులో చూసి లోపల పెట్టండి. మీ షాపులోనో, అపార్ట్‌మెంట్‌లోనో తుపాకీ ఉన్న గార్డు ఉంటే, ఈ నాలుగు మాటలూ ఆయనకూ చెప్పండి.