గాలిలో పోయే పాఠం

విద్యను గూర్చి ముచ్చటించేవారు పుస్తకాన్ని గూర్చి చెబుతారు, గురువును గూర్చి చెబుతారు. వేళను గూర్చి చెప్పేవారు అరుదు. బడికి ఒక వేళ ఉన్నది. పొలానికి ఒక వేళ ఉన్నది. ఈ రెండూ ఒకదాని మొగం ఒకటి ఎరుగనట్లు నడిచే ప్రాంతాలలో మార్టూరు సీమ ఒకటి.

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోయే జాతీయ రహదారి మీది ఈ ఊరు, 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు ప్రకాశం జిల్లాను విడిచి అందులో చేరినది. జిల్లా మారినంతమాత్రాన నేల మారదు గదా! చుట్టుపట్ల అదే పత్తి, అదే మిరప. దసరా పండుగ వెళ్లిన నాటినుంచి పత్తి తీతలు. సంక్రాంతినాటికి మిరప కోతలు అందుకొంటాయి. ఎండలు ముదిరేదాకా కళ్లాలలో కాయలు ఎర్రగా పరచుకొని ఉంటాయి. పదవ తరగతి పరీక్షలు వచ్చేది సరిగా ఆ మార్చి మాసంలోనే. తల్లి కోతల ముఠాతో పొలానికి పోయిన ఇంట, పెద్దపిల్ల ఆ వారం బడికి వచ్చినదో లేదో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు, హాజరుపట్టీ చెబుతుంది. ఆ పిల్ల లేని రోజున జరిగిన పాఠం ఆమెకోసం ఆగదు.

ఉపాధ్యాయుని పాఠమైనా అడిగితే మరల చెప్పబడుతుంది. టెలివిజన్ పాఠానికి ఆపాటి దాక్షిణ్యం కూడా లేదు. ఉదయం పది గంటలకు వస్తుందంటే పది గంటలకే వస్తుంది. ముప్పదియారువేల కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం నుండి దిగివచ్చి, డాబా మీది డిష్‌కు తగిలి, చూచే కన్ను లేకపోతే మాయమైపోతుంది.

ఈ దేశంలో ఆకాశమార్గాన బోధన చేయాలన్న తలంపు నేటిది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారు ఎరువిచ్చిన ఒక ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలను ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు. లోకమంతా మెచ్చుకొన్న ప్రయోగమది. కాని ఏడాది నిండగానే ఉపగ్రహం వెనుకకు పోయినది. పల్లెల్లోని పెట్టెలు మూగవోయినవి. చూచినవారి జ్ఞాపకంలో మిగిలినదే మిగులు. ఒక్క పాఠాన్నయినా ఆ గ్రామం తనదిగా దాచుకొనే సాధనం ఆనాడు లేదు.

తరువాత సాధనాలకు లోటు రాలేదు. బోధనకే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ అనే ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుండే పంపినారు. ఆ ఏటి డిసెంబరులోనే నెలసరి చందా లేని దూరదర్శన్ డిష్ ప్రసారం మొదలైనది. నేడు దానిని ఫ్రీ డిష్ అంటున్నారు. 2017లో స్వయంప్రభ పేరిట 32 విద్యా ఛానళ్లు వచ్చినవి. 2020లో బడులు మూతపడినప్పుడు పదవ తరగతి పాఠాలు దూరదర్శన్ సప్తగిరి ద్వారా ఆంధ్రదేశపు ఇళ్లకు చేరినవి. తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ఆ పని చేసినవి. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం తరగతికొక ఛానలు చొప్పున పన్నెండు ఛానళ్లను ప్రకటించినది. 2022లో ఆ సంఖ్యను రెండువందలకు పెంచుతామన్నది. పాఠాల వర్షం కురుస్తున్నది, సందేహం లేదు. పట్టుకొనే పాత్ర మాట ఎవరూ ఎత్తడం లేదు.

విచిత్రమేమంటే, పాత్ర ఇంటనే ఉన్నది. ఫ్రీ డిష్ కొరకు బజారులో దొరికే సామాన్యపు సెట్‌టాప్ బాక్సులలో చాలావాటికి పక్కనో వెనుకనో పెన్‌డ్రైవు దూర్చే చిన్న కంత ఉంటుంది. ఉపగ్రహం నుండి వచ్చేది ముందే అంకెల రూపంలో ఉన్నది కనుక, దానిని రికార్డు చేయడానికి పెట్టె పెద్దగా శ్రమపడనక్కరలేదు; వచ్చినదానిని వచ్చినట్లు వ్రాసుకొంటే చాలును. సామాన్యపు చిత్రనాణ్యత కలిగిన గంట పాఠానికి ఒకటి రెండు గిగాబైట్లు. అరవైనాలుగు గిగాబైట్ల పెన్‌డ్రైవులో ముప్పది గంటల బోధన ఇమిడిపోతుంది. రిమోటు మీద రికార్డు అనే ఎర్రని మీట ఉన్నది. ఎక్కువ ఇళ్లలో ఆ మీట కొన్ననాటి నిగనిగతోనే ఉన్నది, మిగిలిన మీటల మీది అక్షరాలు సీరియళ్ల పుణ్యమా అని అరిగిపోయినా.

రికార్డు చేయడంవల్ల లాభం పొలానికి పోయిన పిల్ల సాయంకాలం చూడగలగడం ఒక్కటే అనుకొంటే పొరపాటు. అంతకంటె గొప్ప లాభం తరగతి గదిలో ఉన్నది. ప్రసారమవుతున్న పాఠం ఎదుట ఉపాధ్యాయుడు నిస్సహాయుడు. దర్పణం ముందు వస్తువును ఎక్కడ పెడితే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో తెరమీది పంతులుగారు గీస్తూ పోతారు. వెనుక బల్ల మీది కుర్రవాడికి రెండవ కిరణం దగ్గరనే చిక్కు పడుతుంది. అతడు చెయ్యి ఎత్తేలోపల బొమ్మ చెరిగిపోతుంది. తెర ఆగదు. గదిలో ఉన్న ఉపాధ్యాయుడు ఇరువదియేండ్లు బోధించినవాడైనా ఆ అరగంటసేపు పిల్లలతోపాటు ప్రేక్షకుడే. అదే పాఠం పెన్‌డ్రైవులో ఉంటే? రెండవ కిరణం దగ్గర ఆపుతాడు. నల్లబల్ల మీద తానే మరల గీస్తాడు. తెరమీది ఆయన చెప్పినది చాలకపోతే చాలలేదని చెబుతాడు. తప్పయితే తప్పంటాడు కూడాను. పాఠాన్ని ఆపగలిగిన క్షణాన టెలివిజన్ ఉపాధ్యాయుని స్థానం నుండి దిగివచ్చి, పటం వలె, గ్లోబు వలె, ఒక బోధనోపకరణం అవుతుంది. బోధన యంత్రాల పాలైపోతున్నదని వాపోయే పెద్దలు ఈ ఎర్రని మీటను తమ పక్షాన చేర్చుకోవడం మంచిది.

ఇక్కడ ఒక శంక. ప్రసారాన్ని పట్టి దాచుకోవడం దొంగతనం కాదా? శంకించేవారి నిజాయితీ మెచ్చదగినదే గాని, చట్టం వారికంటె ఉదారంగా ఉన్నది. 1957 నాటి మన కాపీరైటు చట్టంలోని 39వ సెక్షను, స్వంత వినియోగానికి గాని, నిజమైన బోధన పరిశోధనల కొరకే గాని ప్రసారాన్ని రికార్డు చేస్తే ప్రసారకుల హక్కుకు భంగం కాదని స్పష్టంగా చెబుతున్నది. బోధన క్రమంలో గురువు గాని విద్యార్థి గాని ఒక రచనకు ప్రతి తీసుకోవచ్చునని 52వ సెక్షను అంటున్నది. ఆ మాట తరగతి గది నాలుగు గోడలకే పరిమితం కాదని ఢిల్లీ హైకోర్టు 2016లో తీర్పు చెప్పినది. సముద్రాల కవతల, అమెరికా సుప్రీంకోర్టులో, సోనీ కంపెనీ వీడియో యంత్రం మీద సినిమా కంపెనీలు వేసిన దావా 1984లో తేలినది. తరువాత చూచుకొనేందుకు ఇంటిలో రికార్డు చేయడం న్యాయమేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులలో అయిదుగురు పలికినారు. ఒక్క వోటు అటు తిరిగి ఉంటే కథ వేరుగా ఉండేది. రికార్డు చేసినదానిని అంగట్లో అమ్ముకొనడం మాత్రం వేరు సంగతి. దానిని ఏ చట్టమూ సమర్థించదు, సమర్థించరాదు.

చట్టం ఇచ్చిన చోట పెట్టె తీసుకొంటున్నది. నెలనెలా చందా కట్టే డిష్ పెట్టెలలో, 2008 ప్రాంతాల నుండే రికార్డు చేసేవి వచ్చినవి. కాని సాధారణంగా అవి దాచినది ఆ పెట్టెకే అర్థమయ్యే రహస్య లిపిలో ఉంటుంది. పెట్టె చెడితే పాఠాలూ చెడినట్లే. మరొక పెట్టెకు తగిలిస్తే తెర నల్లగా ఉంటుంది. పైరు మనదే, గాదె మనదే, తాళంచెవి మాత్రం పరాయివాని మొలలో ఉన్నట్లు. వినోదానికి లక్షలు పోసిన కంపెనీలు తమ సరుకుకు తాళం వేసుకొంటే అర్థం చేసికొనవచ్చును. ప్రజాధనంతో తయారైన పాఠానికి తాళమెందుకు? విద్యా ఛానలు ఏ పెట్టెలో వచ్చినా దానికి రహస్య లిపి ఉండరాదని ప్రభుత్వం ఒక్క నిబంధన చేస్తే సరిపోతుంది. అందుకు ఖర్చు కూడా ఏమీ లేదు.

యూట్యూబులో అన్నీ ఉండగా ఈ ప్రయాస ఎందుకని కొందరంటారు. మంచి ఇంటర్నెట్ గల బడికి నిజంగానే అవసరం లేకపోవచ్చును. కాని ఇంటికొక్క ఫోను ఉండి, అది తండ్రి జేబులో మిరప చేనికి పోయే ఇండ్లు ఈ సీమలో లేకపోలేదు. పైగా, ఇంటర్నెట్టులో పెట్టినది పెట్టినవారి ఇష్టమున్నంతకాలమే ఉంటుంది. దాచవలసినవారే దాచుతారనే నమ్మకం చరిత్రలో ఎన్నిమార్లు వమ్ము కాలేదు? బ్రిటిష్ బీబీసీవారు 1960లలోని తమ కార్యక్రమాలను, టేపు పొదుపు కొరకు, తామే చెరిపివేసుకొన్నారు. వాటిలో కొన్నింటి మాటలు నేడు వినబడుతున్నవంటే, నాటి ప్రేక్షకులు టెలివిజన్ పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకొన్నందువల్లనే. ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే పూర్వపు గ్రంథాలయోద్యోగిని, 2012లో తాను మరణించేవరకు మూడు దశాబ్దాలకు పైగా వార్తాప్రసారాలను రేయింబవళ్లు రికార్డు చేసినది. డెబ్బదివేల టేపులు! ఇరుగుపొరుగు ఏమనుకొన్నారో ఊహించవచ్చును. అవి నేడు చరిత్రకారులకు పనికివచ్చే నిధి.

మార్టూరు బడికి డెబ్బదివేలు అక్కరలేదు. ముప్పదియో నలువదియో గంటలు, సరిగా ఎంచినవి, చాలును. ఎంచడమే కష్టం. విధానం తెలియక రికార్డు చేసినవారి పెన్‌డ్రైవులో పెట్టె తనకు తోచిన అంకెలతో పేర్లు పెట్టుకొంటుంది. నెల తిరిగేసరికి ఏది గణితమో ఏది జీవశాస్త్రమో తెలియదు. కరెంటు పోతే ముందుగా పెట్టుకొన్న వేళ తప్పిపోతుంది. జోరువాన కురిస్తే సంకేతం సన్నగిల్లి బొమ్మ ముక్కలవుతుంది. ఇవి పెద్ద ఇబ్బందులు కావు. స్వయంప్రభ వంటి ఛానళ్లు ఒకే కార్యక్రమాన్ని రోజులో పలుమార్లు మరల వేస్తాయి కనుక తప్పినది మరల పట్టవచ్చును. కావలసినవి మూడు: ముందువారపు ప్రసార పట్టిక బడి గోడమీద, ఒక నోటుపుస్తకం, బాధ్యత తీసుకొనే ఒక పదవ తరగతి విద్యార్థి. తేదీ, పాఠం పేరు, పెట్టె ఇచ్చిన అంకె వ్రాసి ఉంచితే, హాజరుపట్టీలో వారం రోజులు గీతలు పడిన పిల్ల తిరిగివచ్చిన నాడు, ఆ నోటుపుస్తకం తెరచి ఆమె ఏమేమి పోగొట్టుకొన్నదో ఉపాధ్యాయుడు వేలుపెట్టి చూపగలుగుతాడు. పత్తి తీతలకు ఇంకా వ్యవధి ఉన్నది. పట్టిక తెప్పించడానికి అది చాలును.